బొట్టు పెట్టిన డిస్కు

"కొట్టు మీదే, షట్టరు మీదే, మీకు రిటైర్మెంటు ఆర్డరు ఎవరిచ్చారండీ?" అని మా ఆవిడ ఎగతాళి చేసింది. నా కళ్లే ఇచ్చాయి. చిన్న స్క్రూ జారిపడితే ఒకప్పుడు చప్పుడును బట్టి ఏ మూలకు పోయిందో చెప్పేవాణ్ణి. ఇప్పుడు టార్చి వేసుకుని నేల మీద పాకుతున్నాను. నందిగామ బస్టాండు దగ్గర ఇరవై ఆరేళ్లు నడిపిన కంప్యూటర్ రిపేరు కొట్టు తాళాలు వేరేవాళ్ల చేతిలో పెట్టి, జగ్గయ్యపేటలో మా ఇంటికి వచ్చేశాను.

నా పేరు జానీ. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "జానీ గారూ, పార్టిషన్లు తీసేయాలి. ముందు డిస్కు క్లోన్ చెయ్యమంటున్నారు. ఎలాగండీ?" అని. ఏ బటన్ తర్వాత ఏ బటన్ నొక్కాలో ఫోన్‌లో వీడియోలు బోలెడు ఉన్నాయి. వాటిలో లేనిది, నొక్కే ముందు ఎటు చూడాలో, నొక్కాక కొంప మునిగితే కస్టమర్ మొహం చూసి ఏం చెప్పాలో. అదే రాస్తున్నాను.

సీ పోయినా డీ ఉంటుంది

మన వైపు ఒక ఆనవాయితీ ఉంది. కంప్యూటర్‌లో ఉండేది ఒక్కటే హార్డ్ డిస్కు. బిగించేటప్పుడే దాని మధ్యలో గోడ కట్టినట్టు సీ, డీ అని రెండు భాగాలు చేసి ఇస్తాం. వాటినే పార్టిషన్లంటారు. సీలో విండోస్, డీలో మన ఫైళ్లు. డీ లేకుండా ఇస్తే కస్టమర్ ఊరుకోడు. విస్తట్లో పప్పు వడ్డించడం మరిచిపోయినట్టు చూస్తాడు.

దానికో నమ్మకం కూడా తోడు. "సీ పోయినా డీ ఉంటుంది." ఇది సగం నిజం. విండోస్ పాడైతే సీ తుడిచి మళ్లీ వేస్తాం, డీ జోలికి పోం. కానీ డిస్కే చస్తే రెండూ కలిసే చస్తాయి.

కోర్టు దగ్గర కాగితాలు టైపు చేసే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. చాలా జాగ్రత్తపరుడు. ఒకరోజు గర్వంగా చెప్పాడు.

"నాకు బ్యాకప్ ఉందండీ జానీ గారూ. సాయంత్రం తాళం వేసే ముందు రోజూ తీస్తా."

"ఎక్కడికి తీస్తున్నారు?"

"డీలోకి."

"అది కూడా ఆ డిస్కేనండీ."

"అదెలా అవుద్దండీ? ఇది సీ, అది డీ!"

నగలు బీరువా పై అరలోంచి తీసి కింది అరలో దాచి నిద్రపోతున్నాడన్నమాట. ఎంత చెప్పినా తలూపాడే గానీ వినలేదు. ఆ వేసవిలో డిస్కు టక్ టక్ మని రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. సగం కాగితాలు బయటికి తీయగలిగాను. మిగతా సగం ఆయన నన్ను తిట్టుకుంటూ మళ్లీ టైపు చేసుకున్నాడు. బ్యాకప్ అంటే వేరే డిస్కు మీద ఉండాలి, వీలైతే వేరే ఇంట్లో ఉండాలి. ఇంతకంటే దానిలో పెద్ద శాస్త్రం ఏమీ లేదు.

గోడ కొట్టాలంటే

కొన్నేళ్లకు సీ నిండిపోతుంది. డీలో చోటున్నా సీకి పనికిరాదు. కంప్యూటర్ నత్తలా నడుస్తుంది. అప్పుడొచ్చి "మధ్యలో గోడ తీసేసి మొత్తం ఒకటి చెయ్యండి" అంటారు. తీయొచ్చు. కాకపోతే మధ్యలో కరెంటు పోయినా, చెయ్యి తప్పినా గోడతో పాటు ఇల్లూ పోతుంది. అందుకే ముందు క్లోన్ తీయాలి, అంటే డిస్కు మొత్తానికి అచ్చం నకలు.

పరిటాలలో ఒక లెక్చరర్ గారు వీడియో చూసి ఇంట్లోనే మొదలుపెట్టారు. ఊళ్లో అంత పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం ఉంది కదా, ధైర్యానికేం తక్కువ? ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నారు, అంతవరకు బాగుంది. తర్వాత డిస్కు మొదట్లో పేరూ ఊరూ లేని చిన్న ముక్క కనపడింది. "దీనితో నాకేం పని" అని దాన్ని కూడా ఊడ్చేశారు. కంప్యూటర్ లేవడానికి కావలసిన సరంజామా అంతా ఆ ముక్కలోనే ఉంటుంది. మర్నాడు పెట్టె తెల్ల టవల్‌లో చుట్టుకుని తెచ్చారు.

"ఫైళ్లన్నీ ఉన్నాయండీ, కంప్యూటరే లేవట్లేదు."

కాపీకి, క్లోన్‌కి తేడా అక్కడే ఉంది. కాపీలో మనకు కనపడే ఫైళ్లే వస్తాయి. క్లోన్‌లో కనపడని ముక్కలతో సహా మొదటి గడి నుంచి చివరి గడి దాకా అన్నీ ఉన్నవి ఉన్నట్టు కొత్త డిస్కు మీదికి దిగుతాయి. పాతది తీసి పక్కన పెట్టి, కొత్తది బిగించి స్విచ్ వేస్తే ఏమీ జరగనట్టు లేవాలి. లేస్తే సరిపోదు, ఫైళ్లు తెరిచి చూడాలి. యార్డులో మిరపకాయలు కొనేవాడు బస్తా పైన చూసి ఊరుకోడు, నడుమ చూస్తాడు, అడుగున చూస్తాడు. అలా పాత ఫైలొకటి, మధ్యదొకటి, నిన్నటిదొకటి తెరవండి. అప్పుడు గోడ కొట్టే పని నకలు మీద చెయ్యండి. అసలు డిస్కును కవర్లో పెట్టి, కనీసం నెల రోజులు ఎవరు బతిమాలినా ముట్టుకోకండి. రెంటినీ ఒకే కంప్యూటర్లో ఒకేసారి లేపకండి, ఏది ఏదో దానికే తికమక అవుతుంది.

రావు గారి రెండు మాటలు

నేను పని నేర్చుకున్నది బెజవాడలో, రావు గారనే ఆయన దగ్గర. చేతిలో పని ఉన్నవాడు, నోట్లో ఎప్పుడూ వక్కపొడి ఉన్నవాడు. ఆయన నాకు రెండు మాటలు నేర్పాడు. మొదటిది: "రెండో కాపీ లేని డిస్కు మీద చెయ్యి వెయ్యమాకు." అది బంగారం లాంటి మాట. రెండోది: "మన చేతిలో పాడైందనుకో, కస్టమర్‌తో చెప్పమాకు. బ్యాడ్ సెక్టారొచ్చిందను. వాడికేం తెలుసు?" బ్యాడ్ సెక్టారంటే డిస్కు మీద దానంతటది పాడైన చోటు. ఎవరి తప్పూ కాదు, దేవుడి లీల. ఆ మాటతో మా వృత్తిలో ఎంతమంది తప్పించుకున్నారో ఆ పైవాడికే తెలియాలి. నేనూ తప్పించుకున్నాను, రెండు మూడు సార్లు. సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

తిలకం సీసా

క్లోన్‌లో అసలు గండం ఒక్కటే. ఏది అసలు, ఏది ఖాళీ అన్నది తారుమారైతే, ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద పడుతుంది. ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. యంత్రం అడగదు. నువ్వు చెప్పింది చేస్తుంది.

గుర్తు కోసం స్టిక్కర్లు అంటించి చూశాను, మన ఎండలకు ఊడిపోయేవి. స్కెచ్ పెన్ను నల్లటి మూత మీద కనిపించేది కాదు. పక్కనే పూజా సామాను కొట్టు ఉండేది. అక్కడ ఎర్ర తిలకం సీసా ఒకటి కొన్నాను. కస్టమర్ డిస్కు బయటికి తీయగానే దాని మీద గుండ్రంగా ఒక బొట్టు. బొట్టున్నది అసలు, లేనిది ఖాళీ. ఎంత దూరం నుంచైనా కనపడుతుంది. పైగా కస్టమర్లు మురిసిపోయేవాళ్లు. "సాయిబు గారు మన డిస్కుకి బొట్టు పెట్టి మరీ పని మొదలెడతారు" అని ఊళ్లో పేరొచ్చింది. ఏళ్ల తరబడి ఒక్క తప్పూ జరగలేదు. అదే నా ఖర్మ. తప్పు జరగని పద్ధతిని ఎవరూ తిరిగి పరీక్షించరు.

చిల్లకల్లు నుంచి అత్తాకోడళ్లు

పద్మది చిల్లకల్లు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను పెట్టుకుని జాకెట్లకు వర్కు చేస్తుంది. అందరిలా కొనుక్కున్న డిజైన్లు కాదు, తన సొంతం. అవి ఎక్కడివంటే, వాళ్ల అత్తగారు వెంకమ్మ గారి ముగ్గులు. వెంకమ్మ గారు ముగ్గు వేస్తే ఊళ్లో ఆడవాళ్లు ఆగి చూసి వెళ్లేవాళ్లట. పద్మ ఆ ముగ్గులకు ఫోటోలు తీసి, కంప్యూటర్‌లో గీతకు గీత, చుక్కకు చుక్క గీసి, మిషనుకు అర్థమయ్యేలా మార్చింది. రెండేళ్ల పని. ఈలోగా వెంకమ్మ గారికి చెయ్యి వణకడం మొదలైంది. ముగ్గుపిండి పట్టుకుంటే గీత నిలవదు. ఇక ఆవిడ ముగ్గులు ఉన్నదల్లా ఆ డిస్కులోనే.

సీ నిండిపోయి మిషను సాఫ్ట్‌వేరు తెరుచుకోవడం లేదని ఇద్దరూ పెట్టె పట్టుకుని బస్సులో వచ్చారు.

"అన్నయ్యా, సీ, డీ ఏం వద్దు, మొత్తం ఒకటే చేసెయ్యండి. కానీ డీలో డిజైన్లు మాత్రం భద్రమండీ. అవి పోతే మళ్లీ గీయడం నా వల్ల కాదు, అత్తయ్య మళ్లీ వెయ్యలేరు."

"నీకెందుకమ్మా బెంగ, ముందు క్లోన్ తీస్తాగా" అన్నాను. డిస్కు ఊడదీసి బొట్టు పెట్టాను. కొత్తది బయటికి తీశాను. అదే కంపెనీ, అదే సైజు. రెండూ బల్ల మీద గుడ్డ పరిచి పక్కపక్కన పెట్టాను. మధ్యాహ్నం నమాజు వేళైంది. పద్మ దారాలు కొనుక్కొస్తానని బజారుకెళ్లింది. వెంకమ్మ గారిని ఫ్యాను కింద కూర్చోబెట్టి నేను మసీదుకెళ్లాను.

వచ్చాను. నా దగ్గర క్లోన్ చేసే చిన్న పెట్టె ఉంది. దానికి స్క్రీను ఉండదు, రెండు గుంటలుంటాయి. ముందు గుంటలో అసలు, వెనక గుంటలో ఖాళీ. బొట్టున్నది ముందు పెట్టాను, లేనిది వెనక పెట్టాను, బటన్ నొక్కాను. లైటు మిణుకుమిణుకుమంది. టీ చెప్పి, ఆవిడతో కబుర్లలో పడ్డాను. ఏడెనిమిది నిమిషాలు అయ్యుంటుంది.

"నాయనా, ఒక మాట అడగనా?" అంది వెంకమ్మ గారు. "పాతదానికి బొట్టు పెట్టి, కొత్తదాన్ని అట్టా బోసిగా వదిలేశావేంటి?"

"అది గుర్తు కోసం పెద్దమ్మా."

"ఏం గుర్తో ఏమో. కొత్తగా పనిలోకి దిగేది అదిగదా! అందుకే నువ్వెళ్లాక పాతదానిది తుడిచేసి దీనికి పెట్టా. చెయ్యి వణికి కాస్త వంకరొచ్చింది, ఏమనుకోమాక."

యా అల్లా! టీ గ్లాసు ఎక్కడ పడిందో నాకు తెలియదు. ఒక్క దూకు దూకి ప్లగ్గు పీకేశాను.

అప్పుడు చూశాను డిస్కుల్ని. కొత్తదాని మీద బొట్టు వంకరగా ఉంది. నా బొట్టు ఎప్పుడూ గుండ్రం. పాతదాని మూత మీద గీతలున్నాయి, మూలల్లో దుమ్ముంది. అది పాతదని పసిపిల్లాడైనా చెబుతాడు. నేను డిస్కును చూడటం మానేసి ఎన్నేళ్లయిందో, బొట్టునే చూస్తున్నాను.

పద్మ వచ్చింది

దారాల సంచీతో పద్మ గుమ్మంలోకి వచ్చింది. ఆ క్షణాన రావు గారు నా చెవిలోనే ఉన్నాడు. బ్యాడ్ సెక్టారు అను. వాళ్లకేం తెలుసు? ముసలావిడకు తను చేసిందేమిటో కూడా తెలియదు. మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ పిల్ల మొహం చూసి మింగేశాను.

"అమ్మా, నా వల్ల పొరపాటు జరిగింది. ఖాళీ డిస్కు నీ డిస్కు మీదికి ఎక్కించేశాను. మధ్యలో ఆపాను. సీ పోయింది, అది ఖాయం. డీ ఉందో లేదో చూస్తే గానీ చెప్పలేను."

"అదేంటన్నయ్యా?" సంచీ కింద పెట్టేసింది. "ఏమైనా అవుద్దా అంటే బెంగెందుకన్నారు గదా! మిమ్మల్ని నమ్మి ఇంత దూరం తెచ్చాం. ఆ ముగ్గులు నేనెక్కణ్ణుంచి తేవాలండీ ఇప్పుడు?"

ఏడ్చేసింది. వెంకమ్మ గారికి అప్పుడర్థమైంది.

"ఆయన్నేం అనకే. తుడిచింది నేను."

"తుడిస్తే పోయే గుర్తు పెట్టింది నేనండీ" అన్నాను. "తప్పు నాదే."

ఆవిడ వణికే చేతిని ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంది. నా ఇరవై ఆరేళ్లలో అంత బాధపడ్డ రోజు ఇంకోటి లేదు.

గాయపడ్డ డిస్కుకు కూడా క్లోనే

ఇప్పుడు చెప్పేది బాగా వినండి. చెయ్యి జారాక అందరూ చేసే రెండో తప్పు, కంగారులో ఆ డిస్కు మీదే వెతుకులాట మొదలెట్టడం. విండోస్ మళ్లీ వేద్దామనో, ఏదో నొక్కి చూద్దామనో చూస్తారు. మిగిలింది కూడా పోతుంది. దెబ్బ తిన్న డిస్కును ఉన్నది ఉన్నట్టు ఇంకో డిస్కుకు క్లోన్ తియ్యాలి, వెతుకులాటంతా ఆ నకలు మీద చెయ్యాలి. రావు గారి మొదటి మాట ఇక్కడ కాపాడింది. రెండో మాటను ఆ రోజే వదిలేశాను.

ఈసారి బొట్టు లేదు. ప్రతి డిస్కు మూత మీద దాని సొంత నెంబరు అచ్చేసి ఉంటుంది. ఏ రెండు డిస్కులకూ ఒకే నెంబరు ఉండదు. "చివరి నాలుగు అంకెలు గట్టిగా చదవమ్మా" అన్నాను. పద్మ కళ్లు తుడుచుకుని చదివింది. నేను కాగితం మీద రాశాను. డిస్కు పెట్టెలో దించాక మళ్లీ చదివింది, మళ్లీ చూశాను. అప్పుడు గానీ బటన్ నొక్కలేదు. కొట్టు మూసేదాకా అదే పద్ధతి సాగింది. డిస్కు ఎవరిదో వాళ్లే చదవాలి. కలెక్టరు గారొచ్చినా చదివించేవాణ్ణి.

మనసులో ఒక ఆశ ఉంది. డిస్కులో సీ ముందుంటుంది, డీ తర్వాత. తుడుపు మొదటి నుంచి మొదలైంది. ఏడెనిమిది నిమిషాల్లో సీ దాటి ఉండకూడదు. లెక్క సరిగ్గానే ఉంది, గుండె మాత్రం నమ్మలేదు. ఆశపెట్టి మళ్లీ ఏడిపించడం ఎందుకని వాళ్లకు చెప్పలేదు. రేపు రండి అని పంపించాను.

మర్నాడు మొదటి బస్సుకే దిగారు. పోయిన పార్టిషన్లను వెతికే ప్రోగ్రాం నకలు మీద నడుస్తోంది. ముగ్గురం స్క్రీను ముందు కూర్చున్నాం. వెంకమ్మ గారు యేసుప్రభువు దగ్గర్నుంచి గుణదల మేరీమాత దాకా, తిరుపతమ్మ తల్లి దగ్గర్నుంచి మా దర్గా దాకా అందరికీ మొక్కుకుంది. ఎవరి కోటా వాళ్లకు ఇచ్చేసింది.

పదకొండు దాటాక స్క్రీను మీద ఒక గీత వచ్చింది. దాని పక్కన పాత సైజు, పాత పేరు. డీ. నొక్కాను. ఫోల్డర్లు బిలబిలమంటూ దిగాయి.

"అయ్యబాబోయ్, ఉన్నాయి!" అని పద్మ నా భుజం మీద ఒక్కటి వేసింది. ఇప్పటికీ ఆ దెబ్బ తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది.

"ఆగమ్మా, పేర్లు కనపడితే చాలదు. పైనొకటి, నడుమొకటి, అడుగునొకటి తెరువు."

మొదటిది తెరుచుకుంది. రెండోది తెరుచుకుంది. మూడోది పెద్ద ముగ్గు, పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా సందు చుక్క. స్క్రీను నిండా పరుచుకుంది. వెంకమ్మ గారు కుర్చీ దగ్గరికి జరుపుకుని, వేలు పెట్టి ఒక్కో చుక్కా లెక్కపెట్టడం మొదలెట్టింది. ఒకచోట వేలు ఆగింది.

"ఏమేవ్ పద్మా, ఇక్కడో చుక్క ఎక్కువేశావే."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫైలు పాడైందేమో అనుకున్నాను. పద్మ మాత్రం కంగారు పడలేదు.

"నేను కాదత్తయ్యా, మీరేసిందే." పక్క ఫోల్డర్‌లోంచి ఫోటో తెరిచింది. వాళ్ల వాకిలి, తడి నేల, తెల్లటి ముగ్గు. అదే చోట అదే చుక్క ఉంది. "ముందే చూశా. మీకు చెబితే చిన్నబుచ్చుకుంటారని చెప్పలా. ఇప్పుడు తీసేస్తానుండండి, ఒక్క నిమిషం."

వెంకమ్మ గారు ఫోటోలో ఆ చుక్క చూసింది. కోడలి చేతిని మౌస్ మీద నుంచి పక్కకు నెట్టింది.

"ఉండనియ్. నేనేసిందేగా."